బంటు ఏనుగైన కథ

చదరంగం ఆడడం రానివారి నోట కూడ "ఎత్తుకు పై ఎత్తు" అన్న మాట తరచుగా వినిపిస్తుంది. "వాడి ఆట కట్టింది" అంటాము. "తెరవెనుక పావులు కదుపుతున్నాడు" అంటాము. ఈ పలుకుబడులన్నీ అరవైనాలుగు గళ్ల బల్లమీద పుట్టి వీధిలోకి నడిచి వచ్చినవే. అయితే పావులను కదపడం ఒక విద్య, ఎదుటివాడి ఎత్తులో దాగిన ఉచ్చును కనిపెట్టడం వేరొక విద్య. మొదటిది ఒక మధ్యాహ్నంలో పట్టుబడుతుంది. రెండవది నేర్పగల గురువు ప్రతి ఊరిలోను దొరకడు. పందొమ్మిదవ శతాబ్దపు బ్రిటనులో ఆ గురువు లేని లోటును చాలవరకు తీర్చినది ఊరి వార్తాపత్రిక. వారానికి ఒకసారి, వార్తల నడుమ ఒక మూల, చదరంగపు బల్ల బొమ్మ ఒకటి అచ్చయ్యేది. దాని క్రింద ఒక్క పంక్తి మాత్రం ఉండేది: తెలుపు ఆడి గెలవవలెను.

అటువంటి శీర్షిక ఒకటి 1895వ సంవత్సరం వసంతంలో, స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో, వరుసగా నాలుగు వారాలపాటు ఒకే బొమ్మ చుట్టూ తిరిగింది. శీర్షిక నడిపినవాడు పొరపడ్డాడు. పాఠకుడొకడు ఆ పొరపాటును చూపించాడు. నిర్వాహకుడు దానిని దాచకుండా తన శీర్షికలోనే ప్రకటించాడు. జరిగినది ఇంతే. కాని ఆ నాలుగు వారాల ఫలితం చదరంగపు ముగింపుల మీద వచ్చిన పాఠ్యగ్రంథాలలో నేటికీ చోటు చేసుకుంటున్నది.

ఎత్తుగడ అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. ఆటగాడికి దూరపు ఆలోచన ఒకటి ఉంటుంది: ఏ వైపు బలం చేర్చాలి, ఏ పావును ఎక్కడ నిలపాలి అనేది. అది వ్యూహం. ఎత్తుగడ అట్లా కాదు. అది రెండు, మూడు, నాలుగు ఎత్తుల వ్యవహారం. ఎదుటివాడికి వేరే దారి లేకుండా చేసే పని. ఒకే గుర్రం రాజుమీద, ఏనుగుమీద ఒకేసారి దాడి చేస్తుంది. ఒక పావు కదిలితే వెనుకనున్న రాజు చిక్కుతాడు గనుక అది ఉన్నచోటనే కట్టుబడి ఉండవలసి వస్తుంది. ఇటువంటివి పదీ పదిహేను మూల రూపాలు ఉన్నాయి. తక్కినవన్నీ వాటి కలయికలే.

వీటిని మనసు ఎట్లా పట్టుకుంటుంది? నెదర్లాండ్సు దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆడ్రియాన్ డి గ్రూట్ 1946లో ప్రకటించిన పరిశోధనలోను, దాని మీదుగా అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ 1973లో చేసిన ప్రయోగాలలోను ఒక విశేషం తేలింది. నిజమైన ఆటలోని బల్లను కొద్ది సెకండ్లు చూపి మూసివేస్తే, ఆరితేరిన ఆటగాడు దాదాపు అన్ని పావులను తిరిగి వాటి చోట్ల పెట్టగలుగుతాడు. కొత్తవాడు నాలుగైదింటితో ఆగిపోతాడు. అవే పావులను ఒక క్రమం లేకుండా బల్లమీద చల్లి చూపితే మాత్రం ఇద్దరికీ పెద్ద తేడా కనిపించదు. ఆటగాడి గొప్ప అతని జ్ఞాపకశక్తిలో లేదన్నమాట. చదువు వచ్చినవాడు అక్షరాలను విడివిడిగా కాక మాటలుగా చూసినట్లు, అతడు పావులను గుంపులుగా చూస్తాడు. చదువు వచ్చేందుకు చాల పుస్తకాలు చదవాలి; గుంపులు కంటికి ఆనేందుకు చాల బొమ్మలు చూడాలి. ఆ బొమ్మలను ఎవరో ఒకరు నిత్యం సరఫరా చేస్తూ ఉండాలి.

సరఫరా పాతదే. తొమ్మిదవ శతాబ్దంలోనే బాగ్దాదులో అల్ అద్లీ అనే ఆటగాడు చిక్కు ముగింపులను సేకరించి గ్రంథం చేశాడు. మన దేశంలో తిరువెంగడాచార్య శాస్త్రి సంస్కృతంలో కూర్చిన ముగింపులు ఇంగ్లీషులోకి మారి 1814లో బొంబాయిలో అచ్చయినవి. మదరాసుకు, హైదరాబాదుకు మధ్య ఉత్తరాల ద్వారా సాగిన రెండు ఆటలను గులాం కాసిం, జేమ్స్ కాక్రన్ అనే ఇద్దరు 1829లో మదరాసులోనే పుస్తకంగా వెలువరించారు. ఒక్కొక్క ఎత్తు టపాలో రోజుల తరబడి ప్రయాణం చేసిన కాలమది. హైదరాబాదు ఆటగాళ్లు తమ ఎత్తును కాగితం మీద వ్రాసి, జవాబు కోసం ఎంత ఓపికతో ఎదురుచూచి ఉంటారో ఊహించుకోవలసిందే.

పుస్తకం ఒకసారి అచ్చయి ఊరుకుంటుంది. పత్రిక వారం వారం వస్తుంది, పైగా పాఠకుడి మాట వింటుంది. లివర్‌పూల్ మెర్క్యురీ పత్రిక 1813లో చదరంగానికి ఒక శీర్షిక కేటాయించింది. లండనులో బెల్స్ లైఫ్ పత్రికలో జార్జి వాకర్ 1835లో మొదలుపెట్టిన శీర్షిక అనేక సంవత్సరాలు సాగింది. ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌లో హోవర్డ్ స్టాంటన్ 1845 నుండి 1874లో మరణించేవరకు విడువకుండా వ్రాశాడు. పాఠకుల ఉత్తరాలకు అతడిచ్చిన జవాబులు కొన్ని చురకలవలె ఉండేవి. 1840లో బ్రిటనులో ఒక్క పెన్నీకి దేశంలో ఎక్కడికైనా ఉత్తరం చేరే ఏర్పాటు వచ్చింది. శీర్షికలకు ప్రాణం పోసినది ఈ పెన్నీ బిళ్లే అనవచ్చును. పాఠకుడు బొమ్మ చూస్తాడు, విడుపు వ్రాసి పంపుతాడు. తరువాతి సంచికలలో సరియైన విడుపు, దానితోపాటు విడగొట్టినవారి పేర్లు వెలువడతాయి. తన పేరు అచ్చులో చూసుకోవాలన్న కోరిక ఎందరికి ఎత్తుగడలు నేర్పిందో లెక్క కట్టలేము.

ఉత్తరాలు ఎంత దూరం నుండి వచ్చేవో తెలుపడానికి ఒక్క ఉదాహరణ చాలును. స్టాంటన్ నడిపిన చెస్ ప్లేయర్స్ క్రానికిల్ పత్రికకు ఢిల్లీ నుండి ఒక సమస్య చేరింది. పంపినవాడు పేరు చెప్పలేదు. "షాగిర్ద్" అని సంతకం చేశాడు. ఆ మాటకు శిష్యుడు అని అర్థం. 1845 ఫిబ్రవరి సంచికలో అది వెలువడింది. అందులో తెల్ల శకటు ముందుగా ఒక గడిని దాటి వెనుకకు పోతుంది. ఆ దాటిన గడిలో ఏనుగు వచ్చి నిలిచి శకటు దారికి తానే అడ్డుపడుతుంది. నల్లరాజు ఆ సందు చూసుకొని ఒక అడుగు వేయగానే ఏనుగు ప్రక్కకు తొలగి ఆట కట్టిస్తుంది. బలాన్ని కావాలని దాచి, మరల బయటపెట్టే ఈ ఉపాయానికి నేటికీ "ఇండియన్ సమస్య" అనే పేరే నిలిచింది. షాగిర్ద్ అన్నవాడు ఇండియాలో ఉద్యోగం చేసిన ఆంగ్ల మతాధికారి హెచ్. ఏ. లవ్‌డే అని తరువాత తెలిసింది.

ఇక గ్లాస్గో. అక్కడి వీక్లీ సిటిజన్ అనే వారపత్రికలో చదరంగ శీర్షికను జార్జ్ ఎమిల్ బార్బియే నడిపేవాడు. పుట్టుకచేత ఫ్రెంచివాడు, 1886లో స్కాట్లండు చాంపియన్. 1895 మార్చిలో లండనులో విలియం నార్వుడ్ పాటర్ అనే పేరుమోసిన ఆటగాడు మరణించాడు. పాటర్ స్మృతికి ఏదైనా వ్రాయాలని బార్బియే తలచాడు. ఇరవై సంవత్సరాల క్రితం, 1875లో, ఫెంటన్ అనే ఆటగాడితో పాటర్ ఆడిన ఆట ఒకటి అతనికి గుర్తుకు వచ్చింది. ఆ ఆట చివరకు డ్రా అని ఇద్దరూ ఒప్పుకొని లేచిపోయారు. కాని ఫెంటన్ గెలిచే దారి అక్కడ ఉన్నది. ఆ సంగతిని జుకర్‌టార్ట్ అదే సంవత్సరం సిటీ ఆఫ్ లండన్ చెస్ మ్యాగజిన్‌లో చూపించాడు. ఆ పత్రికకు సంపాదకుడు ఎవరో కాదు, పాటరే. తాను ఓడిపోవలసిన ఆట అని ఋజువు చేసే వివరణకు తన పత్రికలోనే చోటు ఇవ్వడం అందరు సంపాదకులూ చేసే పని కాదు. ఆ గెలుపు దారి కూడ అప్పటికి కొత్తది కాదు; క్లింగ్, హార్విట్జ్ అనే ఇద్దరు 1853లోనే దానిని ప్రకటించి ఉన్నారు.

ఇక్కడినుండి పాఠకులు బల్ల తెచ్చి ముందు పెట్టుకొంటే మంచిది. కావలసినవి నాలుగే పావులు. తెల్లపావుల వైపు కూర్చున్నవాడి ఎడమనుండి కుడికి ఉన్న ఎనిమిది నిలువు వరుసలను ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని పిలుస్తారు. అతని దగ్గరినుండి అవతలికి అడ్డు వరుసలకు 1 నుండి 8 వరకు అంకెలు. కనుక తెలుపు ఆటగాడి ఎడమచేతి మూలగడి ఏ1 అవుతుంది. నిలువుగా, అడ్డంగా ఎంత దూరమైనా పోయే మూల పావును ఏనుగు అంటున్నాము. ఏటవాలుగా పోయేది శకటు. ఇంగ్లీషువారు రాణి అనే పావు మనకు మంత్రి.

1895 ఏప్రిల్ 27వ తేదీ శనివారం బార్బియే ఒక బొమ్మ వేశాడు. అది పాటర్, ఫెంటన్ ఆటలోనిదే అని అతని నమ్మకం. నిజానికి అతడు జ్ఞాపకం మీద ఆధారపడ్డాడు. జ్ఞాపకం మోసం చేసింది. బొమ్మ అసలు ఆటలోనిది కాదు. తెలుపుకు బి6లో రాజు, సి7లో బంటు. నలుపుకు హెచ్6లో రాజు, డి5లో ఏనుగు. నలుపు ఆడవలెను, అయినా తెలుపు గెలవవలెను.

బంటు ఇంకొక్క అడుగు వేస్తే సి8 చేరి మంత్రి అవుతుంది. దానిని ఆపడానికి నలుపుకు ఉన్న ఏకైక సాధనం ఏనుగు. అందుచేత ఏనుగు వెంటనే డి6కు వచ్చి రాజుకు చెక్ చెబుతుంది. ఇప్పుడు తెల్లరాజు ఎటు పోవాలి? బి7కు పోతే ఏనుగు డి7లో నిలుస్తుంది; బంటు కదిలితే రాజు చెక్‌లో పడతాడు గనుక బంటు కట్టుబడిపోతుంది, తరువాత ఏనుగు తనను బలిచేసి దానిని కొట్టేస్తుంది. సి5కు పోతే ఏనుగు డి1కు దిగిపోతుంది. బంటు మంత్రి అయిన మరుక్షణం ఏనుగు సి1 నుండి చెక్ చెప్పి, రాజు తొలగగానే వెనుకనున్న మంత్రిని పట్టుకొంటుంది. కనుక రాజు బి5కే దిగాలి. ఏనుగు డి5 నుండి చెక్, రాజు బి4. ఏనుగు డి4 నుండి చెక్, రాజు బి3. ఏనుగు డి3 నుండి చెక్, రాజు సి2. మెట్లు దిగినట్లు రాజు ఒక్కొక్క గడి దిగివచ్చి, చివరకు ఏనుగుకు చెక్ చెప్పే చోటే లేకుండ చేశాడు. సి1 గడి ఇప్పుడు అతని అదుపులో ఉన్నది. ఇక బంటు మంత్రి కావడం ఖాయం. మే 4వ తేదీన ఈ విడుపు వెలువడింది.

అక్కడితో ఊరుకొని ఉంటే ఆ శీర్షికను ఈనాడు ఎవరూ తలచుకొనేవారు కారు. బార్బియేకు ఒక చమత్కారం తోచింది. నల్లరాజును హెచ్6 నుండి తీసి దూరపు మూలలో, ఏ1లో, పెడితే ఎట్లా ఉంటుంది? అప్పుడు నలుపు ఓడిపోదు, డ్రా చేయగలదు అని అతడు ప్రకటించి, దానిని చిక్కుగా పాఠకుల ముందు పెట్టాడు. మే 11వ తేదీన తన విడుపు ఇచ్చాడు. మెట్లు దిగడం మామూలే. తెల్లరాజు సి2 చేరినప్పుడు నల్ల ఏనుగు డి4కు పోయి ఊరకే నిలుస్తుంది. చెక్ లేదు, దాడి లేదు. చూస్తే అర్థం లేని ఎత్తువలె ఉంటుంది. తెలుపు సంతోషంగా బంటును సి8లో పెట్టి మంత్రిని చేస్తుంది. వెంటనే ఏనుగు సి4కు వచ్చి చెక్ చెబుతుంది. మంత్రి ఏనుగును కొట్టక తప్పదు. లేకుంటే ఏనుగే మంత్రిని కొడుతుంది. కాని కొట్టిన తరువాత బల్లను చూడండి. నల్లరాజు ఏ1లో ఉన్నాడు. ఏ2 గడిపై సి4లోని మంత్రి చూపు ఏటవాలుగా పడుతున్నది. బి1, బి2 గళ్లను తెల్లరాజు కాస్తున్నాడు. నల్లరాజుకు చెక్ లేదు, అయినా కదలడానికి గడి లేదు. అటువంటప్పుడు ఆట డ్రా అని నియమం. దీనినే స్టేల్‌మేట్ అంటారు. ఓడిపోతున్న నలుపు తన ఏనుగును బలి ఇచ్చి బయటపడింది. చక్కని ఉచ్చు. బార్బియే ముచ్చటపడి ఉంటే అందులో తప్పు లేదు.

ఆ నగరంలోనే ఫెర్నాండో సావెద్రా అనే స్పెయిను దేశపు మతాచార్యుడు నివసిస్తూ ఉండేవాడు. 1849లో పుట్టినవాడు, గొప్ప ఆటగాడని పేరు పొందినవాడు కాడు. బొమ్మను మరల పరిశీలించి అతడు ఒకే ఒక్క సంగతి కనిపెట్టాడు: బంటును మంత్రిని చేయడం ఎందుకు?

పాశ్చాత్య నియమం ప్రకారం చివరి గడి చేరిన బంటును మంత్రిగానే కాక ఏనుగుగా, శకటుగా, గుర్రంగా కూడ మార్చుకోవచ్చును. (మన దేశంలోని పాత ఆటలో అనేక ప్రాంతాలలో వేరే పద్ధతి ఉండేది; బంటు ఏ వరుస చివరకు చేరితే ఆ వరుసకు చెందిన పావుగా మారేది. ఆ లెక్కన సి వరుస బంటు శకటు అవుతుంది. ఒక్క శకటుతో ఆట కట్టించడం అసాధ్యం గనుక ఈ కథే పుట్టేది కాదు.) మంత్రి అంటే ఏనుగు బలం, శకటు బలం రెండూ కలిసిన పావు. పెద్దది దొరుకుతూ ఉండగా చిన్నదానిని ఎవరు కోరుకొంటారు? కాని ఇక్కడ ఆ అధిక బలమే చేటు తెచ్చింది. ఏ2 గడిని మూసి నలుపును డ్రాకు చేర్చినది మంత్రిలోని శకటు అంశమే గదా. దానిని విడిచిపెడితే?

బంటు సి8లో ఏనుగు అయినదనుకొందాము. ఇప్పుడు నల్ల ఏనుగు సి4లో చెక్ చెప్పి బలి కాబోతే, తెల్ల ఏనుగు దానిని కొడుతుంది. కాని ఏ2 గడి తెరిచే ఉన్నది కనుక స్టేల్‌మేట్ లేదు. నల్లరాజు తప్పనిసరిగా ఏ2కు పోవాలి, తెల్ల ఏనుగు ఏ4కు వస్తుంది, ఆట కట్టు. మరి సి4కు పోకుండా ఉంటే? తెలుపుకు ఇంకొక బెదిరింపు సిద్ధంగా ఉన్నది: ఏనుగు సి8 నుండి ఏ8కు జరిగితే మూలలోని రాజు ఆట అక్కడే కడుతుంది. దానిని ఆపడానికి నలుపు తన ఏనుగును ఏ4లో అడ్డం పెట్టాలి. వేరే మార్గం లేదు. అప్పుడు తెల్లరాజు నిదానంగా బి3కు ఒక అడుగు వేస్తాడు. ఆ ఒక్క అడుగులో రెండు పనులు ఉన్నాయి. ఏ4లోని ఏనుగుమీద దాడి ఒకటి. తెల్ల ఏనుగు సి1కు దిగి ఆట కట్టించే బెదిరింపు రెండవది. రెండింటికీ ఒక్క ఎత్తులో జవాబు లేదు. నలుపు ఏనుగును పోగొట్టుకోవాలి, లేదా రాజును. తెలుపు గెలిచింది.

సావెద్రా చూపిన దారిని మే 18వ తేదీ సంచికలో బార్బియే ప్రకటించాడు. డ్రా అని తాను వారం క్రితమే అచ్చు వేసిన విడుపు తప్పు అని అదే శీర్షికలో, అదే పాఠకుల ముందు ఒప్పుకొన్నాడన్నమాట. శీర్షిక నడిపేవాడికి ఇది సుఖమైన పని కాదు. అతడు దేశపు చాంపియనుగా ఉన్నవాడు. సరిదిద్దినవాడు పేరులేని పాఠకుడు. ఆ ఉత్తరం బుట్టలో పడి ఉంటే అడిగేవాడు లేడు.

చాంపియన్ కంటికి ఆనని ఎత్తు సామాన్యుడి కంటికి ఎట్లా ఆనింది? దీనిని అదృష్టమని త్రోసివేయకుండా శాస్త్రజ్ఞులు తరువాతి కాలంలో ఈ జాతి గుడ్డితనాన్ని పరీక్షించి చూశారు. అమెరికాలో ఏబ్రహాం లూచిన్స్ 1942లో నీటి జాడీల లెక్కలతో ఒక ప్రయోగం ప్రకటించాడు. మూడు జాడీలతో కొలిచే పద్ధతి ఒకటి వరుసగా కొన్ని లెక్కలకు పనిచేస్తుంది. తరువాత రెండు జాడీలతోనే తేలికగా తేలిపోయే లెక్క ఇస్తే, అలవాటు పడినవారు పొడవైన పాత పద్ధతినే పట్టుకొని వ్రేలాడుతారు. మెరిమ్ బిలాలిచ్, పీటర్ మెక్‌లౌడ్, ఫెర్నాండ్ గోబే అనేవారు 2008లో ఇదే విషయాన్ని చదరంగపు బల్లమీద పరీక్షించారు. మంచి ఆటగాళ్లకు ఒక బొమ్మ ఇచ్చారు. అందులో అందరికీ తెలిసిన, కొంచెం పొడవైన గెలుపు ఒకటి ఉన్నది. అంత తెలియని, పొట్టి గెలుపు ఇంకొకటి ఉన్నది. ఆటగాళ్లు తెలిసినదానిని వెంటనే చూశారు. ఇంకా మంచి దారి కోసం వెదుకుతున్నామని కూడ చెప్పారు. కాని వారి కంటి కదలికలను యంత్రంతో నమోదు చేసి చూస్తే, చూపు మొదటి విడుపుకు సంబంధించిన గళ్లమీదనే తిరుగుతూ ఉన్నది! తెలిసిన గెలుపు లేకుండ బొమ్మను మార్చి ఇచ్చినప్పుడు పొట్టి దారి దొరికింది. దారి కష్టమై కాదు, మొదటి దారి అడ్డు రావడం వలననే అది కనిపించలేదు.

బార్బియే స్థితి ఇదే. "సి8, మంత్రి" అన్నది వేల ఆటలలో చేయి అలవాటు పడిన ఎత్తు. పైగా అతనికి తాను కల్పించిన స్టేల్‌మేట్ ఉచ్చు కళ్లముందు మెరుస్తున్నది. బంటు ఏనుగుగా మారవచ్చునన్నది అతనికి తెలియని నియమం కాదు. చదరంగ సమస్యలు కట్టేవారికి అది పరిచితమైన ఉపాయమే. తెలిసినదే అవసరమైన చోట గుర్తుకు రాలేదు. ఎత్తుగడలు నేర్చుకొనేవారు బొమ్మల గుంపులను మనసుకు ఎక్కించుకోవాలని పైన చెప్పుకొన్నాము. ఎక్కిన గుంపే ఒక్కొక్కసారి కంటికి పొరవలె అడ్డుపడుతుందన్నది ఆ విద్యలోని రెండవ సగం. విద్యార్థుల చేత ఈ చిక్కును నల్లబల్ల మీద విడగొట్టించే ఉపాధ్యాయుడు "మంత్రి" అనే జవాబును చాలసార్లు వినవలసి వస్తుంది. చెప్పనిచ్చి, ఏనుగును సి4లో పెట్టి చూపితే సరి.

తరువాతి కథ వేగంగా సాగింది. ప్రపంచ చాంపియన్ ఎమాన్యుయెల్ లాస్కర్ 1895 జూన్ 1వ తేదీననే అమెరికాలోని బ్రూక్లిన్ డైలీ ఈగిల్ పత్రికలో ఈ చిక్కును ప్రచురించాడు. గ్లాస్గో సంచిక వెలువడి అప్పటికి రెండు వారాలు మాత్రమే. లాస్కర్ బంటును ఒక గడి వెనుకకు, సి6కు, జరిపి తెలుపు ఆడవలెను అని మార్చాడు. గ్రంథాలలో నిలిచినది ఈ రూపమే. ఒక ఊరి పత్రికలోని శీర్షిక మరొక ఊరి పత్రికలోని శీర్షికకు ఇట్లా చేయి అందిస్తూ పోవడం వలననే ఆ కాలంలో ఎత్తుగడలు దేశాలు దాటినవి.

ఒకవేళ సావెద్రా విడుపులో కూడ ఎవరైనా లోపం చూపగలరా అన్న ప్రశ్నకు ఇప్పుడు తావు లేదు. కొద్ది పావులు మిగిలిన ప్రతి స్థితిని వెనుకనుండి ముందుకు లెక్కించి పట్టికలుగా నింపే పని 1970 ప్రాంతాలనుండి కంప్యూటర్లకు అప్పజెప్పారు. 2012లో మాస్కో విశ్వవిద్యాలయంలోని లొమొనొసోవ్ అనే మహా కంప్యూటరు ఏడు పావుల స్థితుల వరకు ఈ లెక్కను పూర్తి చేసింది. నాలుగు పావుల బొమ్మ వాటికి చిన్నపాటి పని. యంత్రం కూడ అదే చెబుతుంది: సి8లో మంత్రి అయితే డ్రా, ఏనుగు అయితే గెలుపు.

ఈ చిక్కు ఎవరి సొత్తు అని అడిగితే జవాబు తేలిక కాదు. మెట్లు దిగే దారి క్లింగ్, హార్విట్జ్‌లది. అది ఒక నిజమైన ఆటలో ఉన్నదని చూపినవాడు జుకర్‌టార్ట్. ఆ ఆట ఫెంటన్, పాటర్‌లది. దానిని తప్పుగా గుర్తుంచుకొని, రాజును మూలకు జరిపి, స్టేల్‌మేట్ ఉచ్చు పన్నినవాడు బార్బియే. చివరి రూపం లాస్కర్‌ది. వీరందరి నడుమ ఒక్క ఎత్తు మాత్రమే సావెద్రాది. అయినా లోకం దానిని సావెద్రా చిక్కు అనే పిలుస్తున్నది. జాగ్రత్తగల గ్రంథకర్తలు బార్బియే పేరును కూడ ప్రక్కన చేరుస్తారు. చాలకాలం వరకు ఈ కథ చేతులు మారుతూ వంకర్లు పోయింది. ఇరవయ్యవ శతాబ్దంలో నెదర్లాండ్సుకు చెందిన జాన్ సెల్మన్ అనే పరిశోధకుడు గ్లాస్గో పత్రిక పాత సంచికలను ఆధారం చేసుకొని వారాల వరుసను తేల్చకపోతే, పాటర్ ఆటను బార్బియే గుర్తుంచుకొన్నట్లే బార్బియే శీర్షికను మనము గుర్తుంచుకొని ఉండేవారము.

సావెద్రా 1922లో మరణించాడు. చదరంగంలో అతని పేరు నిలిపినది ఆ ఒక్క ఎత్తే.